అడవి జమాఖర్చులు

1955లో చార్లెస్ డేవిడ్ కీలింగ్ అనే ఇరవై ఏడేళ్ల రసాయన శాస్త్రవేత్త కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్ అడవికి గాజు కుప్పెలు మోసుకుని వెళ్లాడు. ఒక్కోటి ఐదు లీటర్లది. లోపలి గాలంతా ముందే తోడేసి మూతి బిగించినవి. బిరడా తిప్పితే చుట్టూ ఉన్న గాలి లోపలికి దూసుకొస్తుంది. మళ్లీ బిగించి ప్రయోగశాలకు తెచ్చుకుంటే అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో తేల్చవచ్చు. కొలిచే పరికరం కూడా ఆయన సొంతంగా తయారు చేసుకున్నదే. రెడ్‌వుడ్ చెట్ల కింద పడుకుని, అర్ధరాత్రి ఓసారి, తెల్లవారుజామున ఓసారి నిద్ర లేచి, కొద్ది గంటలకొకటి చొప్పున కుప్పెలు నింపాడు.

రాత్రి నింపిన కుప్పెల్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంది, పగటి కుప్పెల్లో తక్కువగా ఉంది. మధ్యాహ్నపు గాలిలో పది లక్షల పాళ్లకు 310 పాళ్ల దాకా తేలింది. తర్వాత వేరే అడవులకు వెళ్లి పట్టినా మధ్యాహ్నం అంకె దాదాపు అదే. మరి రాత్రి అదనంగా చేరిన వాయువు ఎక్కడిది? కర్బనపు పరమాణువుల్లో తేలిక రకం ఒకటి, కాస్త బరువు రకం ఒకటి ఉన్నాయి. మొక్కలు ఆకుల్లోకి తేలిక రకాన్నే ఎక్కువగా తీసుకుంటాయి. రాత్రి గాలిలో అదనంగా కనబడిందీ ఆ తేలిక రకమే.  అంటే ఆ వాయువు చెట్లూ మట్టీ కలిసి రాత్రంతా వదిలినదే.

మూడేళ్ల తర్వాత, 1958 మార్చిలో, అదే కీలింగ్ కొలతలు హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద మొదలయ్యాయి. ఈసారి చుట్టూ అడవి లేదు, లావా రాళ్లూ సముద్రపు గాలీ తప్ప. అయినా అడవి అక్కడికీ వచ్చింది. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగిర్చి ఆకు ముదిరే నెలల్లో అంకె దిగుతుంది. ఆకు రాలాక చలికాలం పొడవునా ఎక్కుతుంది. మే నెలలో అన్నిటికన్నా ఎత్తున ఉంటుంది, సెప్టెంబరు చివరా అక్టోబరు మొదటా అన్నిటికన్నా కింద. ఈ రెంటి మధ్య తేడా సుమారు ఆరు పాళ్లు. కెనడా, సైబీరియా, యూరప్, అమెరికా అడవులన్నీ కలిసి గాలిలోంచి తీసుకుని, తిరిగి ఇచ్చేస్తున్న లెక్క అది. దాని కింద మనుషులు కాల్చిన బొగ్గూ చమురూ ఏడాదికేడాది వదలకుండా పేరుకుంటున్నాయి. 1958లో 315 దగ్గర ఉన్న అంకె 2024 సగటులో 424 దాటింది.

చెట్లు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ప్రాణవాయువును వదులుతాయని మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. అబద్ధం కాదు. కానీ అది పగటి సగం మాత్రమే. రాత్రి సగం, మట్టిలోపలి సగం ఎవరూ గట్టిగా చెప్పరు. అడవిని ఇంటి జమాఖర్చుల పుస్తకంలా చూస్తే సంగతి తేటపడుతుంది. రాబడి పెద్దది. ఖర్చూ దాదాపు అంత పెద్దదే. ఏడాది చివర మిగిలే నిలవ ఆ రెంటి పక్కన చాలా చిన్నది. వాతావరణానికి అడవి చేస్తున్న మేలంతా ఆ చిన్న నిలవలోనే ఉంది. రాబడి కాస్త తగ్గినా, ఖర్చు కాస్త పెరిగినా అది ఎగిరిపోతుంది.

ముందు రాబడి వైపు చూద్దాం. ఆకు అడుగున కంటికి ఆనని రంధ్రాలు వేలకొద్దీ ఉంటాయి. పత్రరంధ్రాలంటాం. వాటి గుండా గాలి లోపలికి వెళ్తుంది. అందులోని కార్బన్ డయాక్సైడ్‌ను రుబిస్కో అనే ఎంజైమ్ పట్టుకుని చక్కెర తయారీకి అందిస్తుంది. భూమ్మీద అత్యధికంగా ఉన్న ప్రోటీన్లలో రుబిస్కో ఒకటి. అంత ఎక్కువగా ఎందుకుండాలంటే, అది చాలా మందకొడి పనివాడు. సెకనుకు కొద్దిపాటి అణువులనే పట్టగలదు. పైగా పొరపాట్లు చేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అలా పట్టినప్పుడల్లా మొక్క అప్పటికే సంపాదించిన కర్బనంలో కొంత వృథా అవుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. వేడెక్కుతున్న లోకంలో అడవి రాబడికి తగిలే మొదటి దెబ్బ ఆకు లోపలే ఉందన్నమాట.

రెండో దెబ్బ నీటి వైపు నుంచి. రంధ్రం తెరిస్తే కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే లోపలికి రాదు, లోపలి తడి బయటికి పోతుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు సంపాదించడానికి చెట్టు వందల నీటి అణువులను వదులుకుంటుంది. వేర్లకు తడి అందుతున్నంతసేపు ఫర్వాలేదు. మట్టి ఎండిపోయి, గాలి పొడిబారినప్పుడు చెట్టు రంధ్రాలు మూసుకుంటుంది. ప్రాణం నిలుస్తుంది, కానీ రాబడి ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ ఫెళ్లున కాస్తున్నా చాలా చెట్లు పనిచేయకుండా నిలబడి ఉండేది ఇందుకే.

ఇక ఖర్చు. చెట్టుకూ మనలాగే శ్వాసక్రియ ఉంది. ఆకులు, కాండం, వేర్లు బతికి ఉండాలన్నా పెరగాలన్నా చక్కెరను కరిగించి శక్తి తీసుకోవాల్సిందే. ఆ పని పగలూ ఆగదు, రాత్రీ ఆగదు. తాను సంపాదించిన కర్బనంలో ఇంచుమించు సగాన్ని చెట్టు ఇలాగే తిరిగి గాలికి ఇచ్చేస్తుంది. మిగిలిన సగంలో కొంత ఆకు, కొంత పువ్వు, కొంత కలప. సన్న వేర్ల ద్వారా మట్టిలోకి వెళ్లేదీ తక్కువేం కాదు. వేర్లను అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రాలు మట్టిలోని భాస్వరాన్నీ నత్రజనినీ తెచ్చి ఇస్తాయి, చెట్టు వాటికి చక్కెరతో చెల్లిస్తుంది. ఆకులు రాలతాయి, కొమ్మలు విరుగుతాయి, వేర్లు చస్తాయి. చెదలు, బూజులు, బాక్టీరియాలు వాటిని తింటాయి. అవి తిన్నదంతా మళ్లీ శ్వాసే, మళ్లీ కార్బన్ డయాక్సైడే.

భూమి మీది మొక్కలన్నీ కలిసి ఏటా గాలిలోంచి తీసుకునే కర్బనం 12,000 కోట్ల టన్నులకు తక్కువ ఉండదు. అందులో అత్యధిక భాగం చెట్ల శ్వాసతో, మట్టి శ్వాసతో, మంటలతో వెనక్కి పోతుంది. చివరికి నేల మీద మిగిలేది సగటున ఏడాదికి 300 కోట్ల టన్నుల పైచిలుకు. బొగ్గూ చమురూ గ్యాసూ సిమెంటూ ద్వారా మనుషులు వదిలేది ఏటా 1,000 కోట్ల టన్నుల కర్బనం. అందులో ఇంచుమించు మూడో వంతుకు సమానమైనది ఆ నిలవ. మనకు దక్కుతున్న ఈ సాయం మనం నాటిన మొక్కల వల్ల వచ్చింది కాదు. చాలావరకు అప్పటికే నిలబడి ఉన్న అడవులు తమంతట తాము చేస్తున్నది.

ఇంత పెద్ద రాబడికీ ఇంత పెద్ద ఖర్చుకూ మధ్యనున్న చిన్న తేడాను ఎలా కొలవడం? ఒక్కో ఆకునూ గాజు పెట్టెలో పెట్టి కొలిస్తే ఆ ఆకు సంగతే తెలుస్తుంది. చెట్ల మొదళ్ల చుట్టుకొలత తీస్తే కలప లెక్క దొరుకుతుంది కానీ మట్టి లెక్క దొరకదు. అడవి మొత్తాన్నీ ఒకేసారి కొలిచే ఉపాయం గాలిలోనే దొరికింది.

చెట్ల తలల మీదుగా వెళ్లే గాలి తిన్నగా వీస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది చిన్నా పెద్దా సుడులుగా దొర్లుతూ పోతుంది. ప్రతి సుడిలో కొంత గాలి పైకి లేస్తుంది, కొంత కిందికి దిగుతుంది. అడవికన్నా ఎత్తయిన టవర్ కట్టి, దాని కొసన రెండు పరికరాలు అమర్చుతారు. ఒకటి ధ్వని తరంగాలను అటూ ఇటూ పంపి, గాలి పైకి వెళ్తోందా కిందికి వస్తోందా, ఎంత వేగంతో అన్నది సెకనుకు పది ఇరవై సార్లు చెబుతుంది. రెండోది పరారుణ కిరణాలతో ఆ క్షణాన గాలిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ ఉందో అంతే వేగంగా చెబుతుంది. దిగే గాలిలో ఎక్కువ, లేచే గాలిలో తక్కువ ఉంటే, తేడాను అడవి ఉంచుకుంటోందని అర్థం. రాత్రి ఇది తిరగబడుతుంది. అరగంటకొకసారి ఈ లెక్క కట్టి, రాత్రీ పగలూ ఏళ్ల తరబడి కూడుకుంటూ పోవాలి. ఎడ్డీ కోవేరియన్స్ అని దీనికి పేరు. ఇప్పుడు ఇలాంటి టవర్లు ప్రపంచమంతటా వందల సంఖ్యలో ఉన్నాయి.

వీటిలో చాలా పాతదీ, విలువైనదీ అమెరికాలోని మాసాచుసెట్స్ రాష్ట్రంలో పీటర్‌షామ్ అనే చిన్న ఊరి పక్కన ఉంది. అక్కడి హార్వర్డ్ ఫారెస్ట్ 1907 నుంచీ విశ్వవిద్యాలయపు పరిశోధనా అడవి. 30 మీటర్ల ఆ టవర్ మీది కొలతలు 1990లో మొదలయ్యాయి. స్టీవెన్ వాఫ్సీ, ఆయన సహచరులు మొదటి ఫలితాలను 1993లో ప్రచురించారు. హెక్టారు అడవి ఏడాదిలో తీసుకున్న కర్బనం 11.1 టన్నులు. తిరిగి ఇచ్చేసింది 7.4 టన్నులు. మిగిలింది 3.7 టన్నులు. జమాఖర్చులంటే ఇవే. ఒక అడవి లెక్క ఇంత వివరంగా అంతకుముందు పెద్దగా ఎవరి చేతికీ అందలేదు.

ఆ అడవి చరిత్ర కూడా తెలియాలి. అది అనాదిగా ఉన్న కీకారణ్యం కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో అక్కడి చెట్లను చాలావరకు నరికి పొలాలు చేశారు. ఆ రాతినేలల్లో సేద్యం గిట్టక పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో రైతులు వదిలేసి వెళ్లిపోయారు. బీళ్లలో చెట్లు మొలిచాయి. 1938లో వచ్చిన పెను తుపాను వాటిలో చాలా భాగాన్ని పడగొట్టింది. దాని తర్వాత లేచినవే ఇప్పుడున్న ఎర్ర ఓక్ చెట్లు. కొలతలు మొదలయ్యేనాటికి అవి నడివయసులో ఉన్నాయి. 1992 నుంచి 2004 వరకు ఏటా సగటున 2.5 టన్నులు నిలవ వేశాయి. ఎప్పుడో పోయిన పొలాల స్థానంలో మనుషులు కదిలించకుండా వదిలేసిన చెట్లు వందేళ్ల తర్వాత కూడా ఆ పని చేస్తూనే ఉన్నాయి. అడవి నుంచి మనకేం కావాలని అడిగితే నేను ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఆ సగటు వెనక ఏటేటా హెచ్చుతగ్గులు చాలా ఉన్నాయి. ఒక ఏడాది టన్ను మాత్రమే మిగిలింది, మరో ఏడాది 4.7 టన్నులు. చెట్లు అవే, నేల అదే. వసంతం వారం ముందొచ్చి ఆకులు త్వరగా విచ్చుకుంటే నిలవ పెరుగుతుంది. వేసవిలో మబ్బులు కమ్మినా, వాన కొరత పడినా తగ్గుతుంది. చలికాలంలో మంచు దట్టంగా కురిస్తే ఏమవుతుందో ముందుగా ఊహించడం కష్టం. అడవి అంతా గడ్డకట్టి పడుకుందనుకుంటాం. కానీ దట్టంగా కప్పిన మంచు కింద మట్టి గడ్డకట్టదు. చలి నుంచి కాపాడబడి కాస్త వెచ్చగా ఉంటుంది. సూక్ష్మజీవులు శీతాకాలమంతా తింటూనే ఉంటాయి. చెట్ల కొమ్మల మీద ఒక్క ఆకూ లేదు, రాబడి సున్నా, ఖర్చు మాత్రం నడుస్తూనే ఉంది. అడవి లెక్క తేలేది పచ్చని కొమ్మల మీద కన్నా కాళ్ల కింది మట్టిలోనే ఎక్కువని దీంతో అర్థమైంది.

ఆ మట్టి వెచ్చబడితే ఏమవుతుందన్నది కూడా అదే అడవిలో పరీక్షించారు. 1991లో జెర్రీ మెలిలో అనే శాస్త్రవేత్త బృందం కొన్ని చోట్ల నేలలో విద్యుత్ తీగలు పాతి, పక్కనున్న నేలకన్నా ఐదు డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంచడం మొదలుపెట్టింది. మొదటి పదేళ్లు మట్టి గబగబా కర్బనాన్ని వదిలింది. తర్వాత చాలా ఏళ్లు నెమ్మదించింది. సులువుగా తినదగింది అయిపోయింది కాబట్టి ఇక ఆగినట్టేనని ఆ దశలో అనుకోవచ్చు. కానీ ఆగలేదు. సూక్ష్మజీవుల జాతులే మారి, ముందు తినలేని గట్టి పదార్థాన్ని తినడం నేర్చాయి. మళ్లీ విడుదల పెరిగింది. 26 ఏళ్ల లెక్క చూస్తే పై 60 సెంటీమీటర్ల మట్టి తన కర్బనంలో 17 శాతాన్ని పోగొట్టుకుంది. ప్రపంచం మొత్తం మీద పైమీటరు మట్టిలో సుమారు 1,50,000 కోట్ల టన్నుల కర్బనం ఉంది. గాలిలో ఉన్నది 88,000 కోట్ల టన్నులు. మట్టిలో చిన్న శాతం కదిలినా దాని బరువెంతో లెక్క వేసుకోవచ్చు.

ఉష్ణమండలపు తడి అడవుల్లో పరిస్థితి వేరు. అక్కడ గడ్డకట్టే చలికాలం లేదు, అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. వర్షాకాలంలో బాగా పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుందని కంప్యూటర్ నమూనాలు చెప్పేవి. బ్రెజిల్‌లోని టపజోస్ అడవిలో టవర్ పెట్టి చూస్తే తీరు తలకిందులుగా ఉంది. 2003లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం అడవి ఎండాకాలంలో కర్బనం కూడబెడుతోంది, వానాకాలంలో పోగొట్టుకుంటోంది. వేర్లు లోతుగా ఉన్నాయి కాబట్టి ఎండలోనూ వాటికి నీళ్లు అందుతాయి. మబ్బులు లేని ఆకాశం కాబట్టి వెలుతురు బాగుంటుంది. వానలు పడ్డాక నేలమీది ఆకులూ కట్టెలూ తడిసి కుళ్లడం మొదలవుతుంది, ఖర్చు పెరుగుతుంది. అస్సాంలోని కాజీరంగాలో పుణేకి చెందిన భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ నడిపిన టవర్ కూడా ఇలాంటిదే చూపించింది. రుతుపవనాలకు ముందు నెలల్లో అడవి బాగా తీసుకుంటుంది. మబ్బులు పట్టాక వెలుతురు తగ్గి తీసుకోవడం పడిపోతుంది.

టవర్లు చెప్పిందంతా వేదం కాదు. గాలి ఆడని రాత్రుల్లో సుడులు ఉండవు. అడవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ పైకి లేవకుండా నేల వాలు వెంబడి పక్కకు జారిపోతుంది. టవర్ కొసన ఉన్న పరికరం దాన్ని చూడలేదు. రాత్రి ఖర్చు అలా లెక్కలోకి రాకపోతే నిలవ ఉన్నదానికన్నా ఎక్కువగా కనబడుతుంది. మొదట్లో అమెజాన్ నుంచి వచ్చిన కొన్ని భారీ అంకెలకు కారణం ఇదే. తర్వాత ప్రశాంత రాత్రుల కొలతలను వడగట్టి సరిచేశారు. ఏ పత్రికలోనైనా ఫలానా అడవి ఇన్ని టన్నులు పీలుస్తోందన్న ఒంటి అంకె కనిపిస్తే, రాత్రి లెక్క ఎలా కట్టారని అడగడం మంచిది.

పసిఫిక్ సముద్రపు నీరు వేడెక్కి వానల తీరు మార్చే ఎల్ నినో 2015–16లో ఒక గొప్ప పాఠం చెప్పింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను ఆకాశం నుంచి చూసే నాసా ఉపగ్రహం ఓసీఓ-2 అప్పటికే కక్ష్యలో ఉంది. ఉష్ణమండలపు మూడు ఖండాలూ కలిసి 2011తో పోలిస్తే 250 కోట్ల టన్నుల కర్బనాన్ని ఎక్కువగా గాలిలోకి వదిలాయని 2017లో తేలింది. మూడు చోట్లా కారణాలు మాత్రం వేరు వేరు. దక్షిణ అమెరికాలో కరువు వచ్చి చెట్లు రంధ్రాలు మూసుకున్నాయి, రాబడి తగ్గింది. ఆఫ్రికాలో వేడి పెరిగి కుళ్లడం ఎక్కువైంది, ఖర్చు పెరిగింది. ఇండోనేషియా వైపు అడవులూ, సగం కుళ్లిన ఆకూ వేరూ పేరుకున్న పీట్ నేలలూ తగలబడ్డాయి, పాత నిలవే పోయింది. నష్టం ఒకటే అయినా దారులు మూడు. అడవిని కాపాడాలంటే ఎక్కడ ఏ దారి తెరుచుకుందో తెలియాలి.

అమెజాన్ ఆగ్నేయంలో మూడు దారులూ ఒకేసారి తెరుచుకున్నాయి. బ్రెజిల్ అంతరిక్ష పరిశోధన సంస్థకు చెందిన లూసియానా గాట్టి బృందం 2010 నుంచి 2018 దాకా నాలుగు చోట్ల చిన్న విమానాల్లో గాలి పట్టింది. నాలుగు కిలోమీటర్ల పైనుంచి చుట్లు తిరుగుతూ చెట్ల మీది 300 మీటర్ల వరకు దిగుతూ కుప్పెలు నింపారు. ఇలా దాదాపు 590 సార్లు. కీలింగ్ నింపిన కుప్పెల పద్ధతే, ఎత్తు మారిందంతే. అమెజాన్ ఆగ్నేయ భాగం తీసుకునేదానికన్నా వదిలేదే ఎక్కువని 2021లో ప్రకటించారు. మంటల్లో పోయింది పక్కన పెట్టినా కూడా అంతే. చెట్లు ఎక్కువగా నరికినది ఆ వైపే, ఎండాకాలం ఎక్కువగా వేడెక్కిందీ ఆ వైపే. అడవి ఉన్నంతమాత్రాన గాలికి మేలు జరుగుతుందన్న ధీమా అక్కడ పనికిరాదు.

ఉత్తరాన కూడా అంతే. 2023లో కెనడా అడవులు తగలబడి సుమారు 64.7 కోట్ల టన్నుల కర్బనం గాలిలో కలిసింది. ఒక ఏడాదిలో బొగ్గూ చమురూ కాల్చి అంతకన్నా ఎక్కువ వదిలే దేశాలు చైనా, అమెరికా, భారత్ మూడే. అదే ఏడాది ప్రపంచపు నేల అంతా కలిపి మిగిల్చిన నిలవ 44 కోట్ల టన్నులకు పడిపోయిందని ఒక తొలి అంచనా. మామూలుగా అది 300 కోట్ల పైమాట.

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లకు ఆహారం పెరిగినట్టే కదా, వాటంతట అవే ఎక్కువ పెరిగి సర్దుతాయి కదా అనే వాదన ఒకటుంది. కొంతవరకు నిజం. లేత అడవుల్లో ఆ ప్రభావం కనిపించింది. కానీ ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఎదిగిన యూకలిప్టస్ అడవి మీద గొట్టాలతో అదనపు కార్బన్ డయాక్సైడ్ వదిలి కొన్నేళ్లు చూశారు. చెట్లు 12 శాతం ఎక్కువ కర్బనం తీసుకున్నాయి. కలప మాత్రం పెరగలేదు. ఎక్కువగా తీసుకున్నదానిలో చాలా భాగం శ్వాసగానే, ముఖ్యంగా మట్టి శ్వాసగా, గాలిలోకి తిరిగొచ్చింది. అక్కడి నేలలో భాస్వరం తక్కువ. చక్కెర ఎంతున్నా భాస్వరం లేకుండా చెట్టు కొత్త కణాలు కట్టుకోలేదు. ఉష్ణమండలంలో చాలా నేలలు ఇలాంటివే.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఈ పనిలో ముందుంది. మధ్యప్రదేశ్‌లో బేతుల్ దగ్గర టేకు అడవిలోనూ, పశ్చిమ బెంగాల్ సుందరబన్స్ మడ అడవుల్లోనూ అది టవర్లు నిలబెట్టింది. సుందరబన్స్ లెక్క చూడదగింది. 2012–13లో హెక్టారు మడ అడవి తీసుకున్నది 12.7 టన్నులు, తిరిగి ఇచ్చింది 10.2 టన్నులు, నిలవ 2.5 టన్నులు. మాసాచుసెట్స్ ఓక్ చెట్లకు ఏడాదిలో చాలా నెలలు ఆకే ఉండదు, ఇవి ఏడాదంతా పచ్చగా ఉంటాయి. అయినా ఏటా చేతికి మిగిలేది రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. వెచ్చని చోట రాబడితో పాటే ఖర్చూ పెరుగుతుంది. మడ అడవికి ఇంకో విశేషం ఉంది. ఉప్పునీటిలో నానిన బురదలో ఆక్సిజన్ ఉండదు కాబట్టి అందులో చేరిన ఆకూ వేరూ త్వరగా కుళ్లవు. నిలవ అక్కడ శతాబ్దాల పాటు నిలుస్తుంది. కొంత కర్బనం పోటు వెనక్కి తీసేటప్పుడు నీటితో సముద్రంలోకి కొట్టుకుపోతుంది, దాన్ని టవర్ పసిగట్టలేదు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో కూడా జరిగేది ఇదే. అక్కడ ఒక ఎకరం చెరువుగా తవ్వితే పోయేది పైనున్న మడచెట్లు మాత్రమే కాదు. గాలి తగిలిన ఆ బురద తనలో దాచుకున్న పాత కర్బనాన్నంతా వదలడం మొదలుపెడుతుంది.

నల్లమల లాంటి ఆకురాలు అడవిలో ఏడాది ఇంకోలా నడుస్తుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను, మోదుగ ఎండాకాలానికి ముందే ఆకు దులిపేస్తాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా నేల మీద ఎండుటాకు మందంగా పరుచుకుని ఉంటుంది. మృగశిర దాటి తొలకరి పడగానే, కొమ్మల మీద ఆకు పూర్తిగా విచ్చుకోకముందే, మట్టి మేల్కొంటుంది. ఎండి పడి ఉన్న మట్టి ఒక్కసారిగా తడిస్తే అందులోని సూక్ష్మజీవులు విజృంభించి, కొద్ది రోజుల పాటు కార్బన్ డయాక్సైడ్‌ను భారీగా వదులుతాయి. తూర్పు ఆఫ్రికా నేలల మీద పనిచేసిన బిర్చ్ అనే శాస్త్రవేత్త 1950లలో దీన్ని వివరంగా వర్ణించాడు, ఆయన పేరే దానికి ఉండిపోయింది. తర్వాత ఆకు ముదిరేకొద్దీ రాబడి ఖర్చును దాటుతుంది. అలా వానాకాలమూ, దాని వెనకొచ్చే చలికాలపు మొదటి నెలలూ ఈ అడవికి సంపాదించుకునే కాలం.

ఎండాకాలంలో ఆ ఎండుటాకుకు నిప్పు పెడతారు. తునికి కొత్త చిగురు వేయాలని, రాలిన ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉండాలని, కొన్నిసార్లు ఊరికే అజాగ్రత్తగా. ఎలాగూ కుళ్లి గాలిలో కలిసే ఆకే కదా, కాలితే ఏం పోయింది అని అడిగేవారున్నారు. ఆకు వరకు చూస్తే వాళ్ల ప్రశ్న న్యాయమైనదే. రెండేళ్లలో పోయేది రెండు గంటల్లో పోయింది, అంతే. అసలు నష్టం మోకాలెత్తు మొక్కల్లో ఉంది. ఏటా మంట వచ్చే చోట నేల మీది మొలకలు బతకవు. పెద్ద చెట్టు పడిపోయిన రోజున దాని స్థానంలోకి రావడానికి లేత చెట్టు ఉండదు. అడవి పచ్చగానే కనిపిస్తుంది కానీ తరువాతి తరం లేదు. తునికాకు, ఇప్పపువ్వు మీద బతికే చెంచులను, ఇతర గిరిజనులను తప్పు పట్టడానికి నేనీ మాట అనడం లేదు. మంట పెట్టకుండా కొమ్మలు కత్తిరించి కూడా చిగురు రప్పించవచ్చు. ఆ కూలీ ఇవ్వడానికి ప్రభుత్వం ముందుకు వస్తే చాలావరకు ఆగుతుంది.

మొక్కలు నాటే కార్యక్రమాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2023 అటవీ నివేదిక ప్రకారం దేశంలోని అడవుల్లో నిలవ ఉన్న కర్బనం 728.5 కోట్ల టన్నులు. అడవి విస్తీర్ణంతో భాగిస్తే హెక్టారుకు సగటున 100 టన్నుల పైన. అందులో సగానికి పైగా ఉన్నది మట్టిలోనే. హెక్టారు అడవిని గనికో ప్రాజెక్టుకో ఇచ్చి, బదులుగా వేరేచోట హెక్టారు మొక్కలు నాటామంటే లెక్క సరిపోయినట్టు కాగితం మీద కనిపిస్తుంది. నరికిన చోట పోయింది దశాబ్దాలుగా కూడిన నిలవ. నాటిన చోట ఏటా వచ్చేది, మొక్కలన్నీ బతికితే, కొద్ది టన్నులు. మొక్కలు నాటొద్దని కాదు. బీడు భూముల్లో, కాలువ గట్ల మీద, ఊళ్లలో నాటాల్సిందే. నిలబడి ఉన్న అడవికి అది బదులు కాదన్నదే నా వాదన. ఐదేళ్లకోసారి కొట్టి కాగితం మిల్లుకు పంపే జామాయిల్ తోటను అడవి విస్తీర్ణంలో కలిపి లెక్క చెప్పడం ఇంకా పెద్ద తప్పు. అందులో కర్బనం కొన్నేళ్లు ఆగి వెళ్లిపోతుంది.

ఇక ముందు ఈ లెక్కలు కొంత మెరుగుపడతాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం ఇస్రో, నాసా కలిసి తయారుచేసింది. దాని రాడార్ తరంగాలు మబ్బులను దాటి, ఆకుల్లోంచి దూరి, కొమ్మల దాకా కాండాల దాకా వెళ్లి తిరిగొస్తాయి. పన్నెండు రోజులకోసారి అదే చోటుని మళ్లీ చూస్తుంది. హెక్టారుకు 100 టన్నుల వరకు జీవపదార్థం ఉన్న పలచటి అడవులను అది బాగా అంచనా వేయగలదు. మన ఆకురాలు అడవుల్లో చాలా భాగం ఆ కోవలోకి వస్తుంది. అంతకన్నా దట్టమైన అడవుల కోసం యూరప్ అంతరిక్ష సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌లో బయోమాస్ అనే ఇంకో ఉపగ్రహాన్ని పంపింది. ఎక్కడ నరికారో, ఎక్కడ కాలిందో, ఎక్కడ తిరిగి లేస్తోందో ఇకపై నెలల్లో తెలిసిపోతుంది. ఈ రెండు ఉపగ్రహాలూ చూసేది నేల పైనున్న కలపను. మట్టిలోని కర్బనాన్ని, రాత్రిపూట అది వదిలే వాయువును అవి చూడలేవు. దానికి ఇప్పటికీ టవర్లే కావాలి, మట్టి తవ్వి ప్రయోగశాలకు తెచ్చే మనుషులే కావాలి. బేతుల్‌లో ఒకటి, సుందరబన్స్‌లో ఒకటి, కాజీరంగాలో ఒకటి ఉన్నాయని తృప్తి పడే దేశం కాదు మనది. నల్లమలలో ఒకటి, పాపికొండల్లో ఒకటి, కోరింగలో ఒకటి నిలబెట్టి ఇరవై ఏళ్లు ఆపకుండా నడపగలిగితేనే మన అడవుల ఖర్చు సంగతి మనకు తెలుస్తుంది.